నూకరాజు ఆకలి నలభై ఆరు

డాక్టర్ నూకరత్నం కనిపెట్టిన బెల్టు మనిషి ఆకలిని అంకెలో చెప్పేస్తుంది. సున్నా అంటే పీకల దాకా తిన్నట్టు. వంద అంటే పన్నెండు గంటలు ఖాళీ కడుపుతో ఉన్నట్టు. కాకినాడలో ఆమె లాబొరేటరీ ఉన్న వీధిలో ఆటోవాళ్లకు కూడా ఈ లెక్క కంఠతా వచ్చు. మధ్యాహ్నం దాకా బేరం తగలకపోతే "నా మీటరు తొంభై కొట్టేసిందిరా బాబూ" అనుకుంటారు.

ఆ మంగళవారం ఉదయం బీమా కంపెనీలో కొత్తగా చేరిన ఆరుగురికి ఆమె ఆ బెల్టు చూపిస్తోంది. వాళ్లలో పీలగా ఉన్న ఒకమ్మాయిని పిలిచి, నడుముకి కాస్త పైన బెల్టు బిగించింది. తెర మీద పన్నెండు అని పడింది.

"పొద్దున్న ఏం తిన్నావమ్మా?"

"పెసరట్టు ఉప్మా మేడమ్. రెండు."

అందరూ నవ్వారు. రత్నం కూడా నవ్వింది.

"పొట్ట నుంచి మెదడుకి ఒక నరం వెళ్తుంది. చాలు, చాల్లేదు, ఇంకా పెట్టు అని అది రోజంతా కబుర్లు చెబుతూనే ఉంటుంది. బెల్టు ఆ కబుర్లు చాటుగా వింటుంది. అంతకుమించి ఇందులో మాయేమీ లేదు" అంది.

మాయ ఉన్నా లేకపోయినా, బెల్టు వచ్చాక చాలామందికి ప్రాణం లేచొచ్చింది. అంతకుముందు బరువు తగ్గే ఆపరేషన్‌కి బీమా కంపెనీ సరే అనాలంటే ఆరు నెలలు డాక్టరు చెప్పిన తిండే తిని, తిన్న ప్రతి ముద్దా డైరీలో రాయాలి. నెలనెలా వెళ్లి తూకం వేయించుకోవాలి. ఒక్క నెల తప్పితే మళ్లీ మొదటికి రావాలి. సగంమంది మధ్యలోనే విసిగి మానేసేవారు. ఇప్పుడు పద్నాలుగు రోజులు బెల్టు కట్టుకుంటే చాలు. కొలిచి పెట్టిన భోజనం తిన్న రెండు గంటలకు ఆకలి సగటున యాభై దాటి ఉంటే అది రోగం, కంపెనీ ఆపరేషన్ చేయిస్తుంది. దాటకపోతే అది అలవాటు, వెళ్లి నడవమంటుంది.

కొత్తవాళ్లను సాగనంపి ఆమె కుర్చీలో కూర్చునేసరికి ఫోన్‌లో తమ్ముడు పంపిన ఫొటో ఉంది. కంపెనీ వాళ్ల ఉత్తరం. "సగటు ఆకలి: 46. సాధారణ పరిధిలో ఉన్నది. బరువుకు కారణం క్రమశిక్షణ లోపం. దరఖాస్తు తిరస్కరించడమైనది. ముప్పై రోజులలో అప్పీలు చేసుకొనవచ్చును."

రత్నం ఆ అంకెను రెండుసార్లు చూసింది. ఆమెకు ముందు కలిగింది జాలి కాదు, సిగ్గు. తన తమ్ముడు తన బెల్టు ముందే ఓడిపోయాడని సిగ్గు.

*

నూకరాజు కాకినాడ పోర్టులో క్రేను ఆపరేటరు. లారీలోంచి బియ్యం బస్తాల కట్టలు ఎత్తి, గుడ్డు పెట్టినంత మెత్తగా ఓడలో దించగలడని పేరు. కానీ నూట నలభై ఎనిమిది కిలోల మనిషి తొంభై అడుగుల నిచ్చెన ఎక్కలేడు. మధ్యలో రెండుసార్లు ఊపిరాడక ఆగిపోయాక పోర్టు డాక్టరు అతన్ని కిందికి దించేశాడు. ఏడాదిగా లారీలు తూచే గదిలో కూర్చుంటున్నాడు. నిద్రలో కూడా ఊపిరి ఆగి ఆగి వస్తోంది. ఈ ఏడాది దాటితే గుండె తట్టుకోదని, ఆపరేషన్ తప్ప దారి లేదని ఆసుపత్రిలో సర్జను ఖాయంగా చెప్పాడు.

సాయంత్రం రత్నం జగన్నాథపురంలో తమ్ముడి ఇంటికి వెళ్లేసరికి అతను ముందు గదిలో కూర్చుని ఉన్నాడు. భార్య మరిడమ్మ కొలిచి పెట్టిన జావ గ్లాసు ఎదురుగా ఉంది.

"అయిపోయిందక్కా. నలబై ఆరంట" అన్నాడు.

"చూశాను. ఒరేయ్, నిజం చెప్పు. ఆ పద్నాలుగు రోజుల్లో మధ్యలో ఏమన్నా తిన్నావా? తింటే అంకె పడిపోతుంది."

"మా అమ్మ తోడు, తిన్లేదు. ఆళ్లు పెట్టిందే తిన్నాను. పక్కింట్లో చేపల పులుసు ఉడుకుతుంటే తలుపేసుకుని కూర్చున్నాను."

"మరి నలభై ఆరేంటి? తిన్న తర్వాత అందరికీ కాస్తో కూస్తో ఉంటుందిరా. నీది యాభైకి కూడా చేరలేదు. మిషను అబద్ధం ఎందుకు చెబుతుంది? నీది ఆకలి కాదు, నోటి యావ."

ఆ మాట అన్న మరుక్షణం తమ్ముడి మొహం చూసి ఆమె నాలుక్కరుచుకుంది. అతను తల దించుకున్నాడు. చిన్నప్పుడు పెళ్లి భోజనాల్లో మేనమామలు "వీడికి రెండు విస్తళ్లు వెయ్యండర్రా" అని ఎగతాళి చేసినప్పుడు కూడా ఇలాగే తల దించుకునేవాడు. గ్లాసు తీసుకుని జావ తాగేశాడు. తాగాక గ్లాసు అడుగు చూసుకున్నాడు.

మరిడమ్మ వంటగది గడపలో నిలబడి అంతా వింది. ఎప్పుడూ ఆడపడుచుకి ఎదురు చెప్పని మనిషి.

"వదినా, మీరు పెద్దోరు, చదువుకున్నోరు. నాకు మీ మిషను తెల్దు. ఈయన అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక చేతి ఏళ్లు ఒణుకుతాయండి. నేను పదకొండేళ్లుగా చూత్తున్నాను. యావ ఉన్నోడికి నోరూరుద్ది గానీ చేతులొణుకుతాయా?"

రత్నం తమ్ముడి చేతుల వైపు చూసింది.

"ఆ వంద అంటే ఎంత ఆకలో మీరెప్పుడైనా కట్టుకుని చూసేరా?" అంది మరిడమ్మ.

"చూశాను. మొట్టమొదట కట్టుకున్నది నేనే. తొంభై ఎనిమిది వచ్చింది."

"అయితే ఇంకోపాలి చూడండి. మీ తమ్ముడి కోసం కాదు, నా కోసం చూడండి."

*

మరదలి నోరు మూయించడానికే రత్నం ఆ రాత్రి ఎనిమిదింటికి అన్నం తిని, పొద్దున్న కాఫీ కూడా తాగకుండా లాబొరేటరీకి వచ్చింది. ఎనిమిదింటికి బెల్టు కట్టుకుంది. పన్నెండు గంటలు నిండాయి. వంద దరిదాపుల్లో పడాలి.

అరవై ఎనిమిది పడింది.

బెల్టు పాడైందనుకుని ఇంకొకటి తీసింది. అరవై తొమ్మిది. అలమరలోంచి సీలు తియ్యని కొత్త బెల్టు తీసి కట్టుకుంది. మళ్లీ అరవై ఎనిమిదే. ఆమెకు చిరాకు వేసింది గానీ ఇంకా భయం వెయ్యలేదు. మర్నాడు లాబొరేటరీలో పనిచేసే పదిమందినీ పొద్దున్న టిఫిను తినకుండా రమ్మంది. ఎవరిదీ డెబ్బై మూడు దాటలేదు. సగటు అరవై తొమ్మిది.

అప్పుడు వేసింది భయం.

బెల్టుని ఈ మూడేళ్లలో వేలమంది మీద పరీక్షించారు. కానీ అవన్నీ తిన్న తర్వాతి కొలతలు. వంద అనే గీత మాత్రం మొదట్లో ఒక్కసారి, నలభైమంది మీద గీసింది. దాన్ని మళ్లీ ఎవరూ తాకలేదు. రత్నం పాత రిజిస్టరు తెప్పించింది. నలభై పేర్లు, నలభై సంతకాలు. "చివరిసారి తిని పన్నెండు గంటలు దాటిందా?" అన్న ప్రశ్నకి నలభైమందీ "అవును" దగ్గర టిక్కు పెట్టారు. ఎక్కడా తేడా లేదు.

"భద్రమ్మగారూ, వీళ్లని తెచ్చింది మీరే కదూ?"

భద్రమ్మ ఇరవై ఏళ్లుగా ఆ లాబొరేటరీలో అటెండరు. ఆ మాట అడిగినందుకు ఆమె పొంగిపోయింది.

"ఆయ్, నేనేనండి. మీరు మర్చిపోయారా? ఖాళీ కడుపుతో రమ్మంటే ఒక్కళ్లూ వచ్చేవారు కాదండి. ఒకామె వచ్చి దారిలో టీ తాగేననేది. ఇంకోడు పకోడీ తినేసి తిన్లేదనేవోడు. అప్పుడు నేనే కదండీ మీకు చెప్పింది, కార్తీక సోమవారాలు పెట్టుకుందామని? ఎలాగూ అందరూ ఉపోషాలే, మనం బతిమాలక్కర్లేదని?"

రత్నానికి గుర్తొచ్చింది. ఎంత తెలివైన ఉపాయమని ఆరోజు భద్రమ్మను మెచ్చుకుంది కూడా. నాలుగు సోమవారాలు, వారానికి పదిమంది.

"వాళ్లు ఎన్నింటికి వచ్చేవారు?"

"అయిదింటికండి. పన్లు ముగించుకుని వచ్చి, ఇక్కడ మీటరు కట్టించుకుని, అట్నుంచటే దీపాలెట్టుకోడానికెళ్లిపోయేవారు. చుక్క కనబడితే గానీ తినరు కదండీ."

"నీళ్లు తాగేవారా?"

భద్రమ్మకు కోపం వచ్చింది. "అదేం మాటండి! మీ పని కదాని నేను గట్టోళ్లనే ఏరి తెచ్చేను. టీ, పళ్లు తీసుకునేవోళ్లని వద్దన్నాను. మంచినీళ్ల చుక్క కూడా ముట్టనోళ్లనే తెచ్చేనండి నలబైమందినీ!"

ఆదివారం రాత్రి ఎనిమిదింటికి అన్నం. సోమవారం సాయంత్రం అయిదింటికి బెల్టు. ఇరవై ఒక్క గంటలు, నీళ్లు కూడా లేకుండా. పన్నెండు గంటలు దాటిందా అంటే దాటింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎన్ని గంటలు అని అడగడానికి కాగితంలో చోటే పెట్టలేదు. ఆ కాగితం తయారుచేసింది రత్నమే. గీత గీసిన సాయంత్రమే అందరికన్నా ముందు బెల్టు కట్టుకుని తొంభై ఎనిమిది వచ్చిందని గంతులేసిన రోజు ఏ రోజో ఇప్పుడు ఆమెకు తెలిసింది. ఆ సోమవారం ఆమె కూడా ఉపవాసమే. ఆమె కళ్లకు అందులో వింతేమీ కనిపించలేదు, ఎందుకంటే ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ ఇంట్లో కార్తీక సోమవారం అంటే అంతే.

కాగితం తీసుకుని లెక్క వేసింది. బెల్టు అరవై తొమ్మిది అని చూపిస్తున్న అసలు పన్నెండు గంటల ఆకలిని వంద అనుకుంటే నూకరాజు ఆకలి అరవై ఏడు. మామూలు మనిషికి రాత్రి అన్నం మానేసి పొద్దున లేస్తే ఉండే ఆకలిలో మూడింట రెండు వంతులు, అతనికి అన్నం తిన్న రెండు గంటలకే ఉంటోంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అలాగే ఉంటోందేమో. నోటి యావ అన్నాను కదరా నిన్ను, అని రత్నం బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. భద్రమ్మ తను చేసిన తప్పేమిటో తెలియక, తలుపు దగ్గరగా వేసి బయట కాపలా నిలబడింది.

*

లాబొరేటరీ డైరెక్టర్ సుధీర్ పాల్ గారు మంచివారు. రత్నం చెప్పింది మొత్తం విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"తప్పు తప్పే. సరిచేద్దాం. కానీ ఈ నెల ఆగు."

"ఎందుకండీ?"

"మీ తమ్ముడి అప్పీలు గడువు దాటిపోనీ. ఇవాళ వెళ్లి గీత తప్పు గీశానంటే లోకం ఏమంటుందో తెలుసా? తమ్ముడు ఫెయిలయ్యాడని అక్క పాస్ మార్కులు తగ్గించిందంటుంది. నీ మాట ఎవరూ నమ్మరు. బెల్టు పోతుంది, నువ్వూ పోతావు. ఆ గడువు దాటాక చెబితే నీకు అందులో స్వార్థం లేదని అందరికీ తెలుస్తుంది."

"గడువు దాటితే వాడు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవడానికి ఏడాది ఆగాలి సార్. వాడికి అంత టైము లేదు."

ఆయన క్యాలెండరు వైపు చూశారు.

"అదొక్కటే కాదు. ఈ బెల్టు వల్ల కాదనిపించుకున్నవాళ్లు మూడొందల పన్నెండు మంది. ఈ నెలలో ఇంకా ఎంతమందో. నా తమ్ముడు అందులో ఉన్నాడని మిగతావాళ్లు ఎందుకు ఆగాలి? అనేవాళ్లు అంటారు సార్. అననివ్వండి. గీత గీసింది నేనే, చెరిపేది కూడా నేనే."

సుధీర్ పాల్ గారు కళ్లజోడు పెట్టుకుని, ఫోన్ తీసి, బీమా కంపెనీకి తనే కలిపి ఇచ్చారు.

*

కంపెనీలో చీఫ్ మెడికల్ ఆఫీసరు డాక్టర్ జుబేదా బేగం. విశాఖపట్నంలో ఆవిడ గదిలోకి అడుగుపెట్టినవాళ్లు గట్టిగా తుమ్మడానికి కూడా ఆలోచిస్తారు. ఆవిడ పక్కన లాయరు ఒకాయన కూర్చున్నాడు. రత్నం రిజిస్టరు బల్ల మీద పెట్టి, కార్తీక సోమవారాల సంగతి మొదలుకొని తన తొంభై ఎనిమిది దాకా ఒక్కటీ దాచకుండా చెప్పింది. ఆఖరున, "కాదనిపించుకున్నవాళ్లలో నా సొంత తమ్ముడు ఉన్నాడు. అది కూడా మీకు తెలియాలి" అంది.

లాయరు కుర్చీలో వెనక్కి వాలాడు. "అదీ సంగతి! డాక్టరుగారూ, పన్నెండు గంటలు దాటిందని వాళ్లే సంతకాలు పెట్టారు. పన్నెండైతేనేం, ఇరవై అయితేనేం, ఖాళీ కడుపు ఖాళీ కడుపే. మనం ఇప్పుడు..."

"మీరు ఎప్పుడైనా రంజాన్ నెలలో రోజా ఉన్నారా?" అని జుబేదా ఆయన్ని ఆపింది.

"నేనా? లేదు మేడమ్."

"నేను ఏడో ఏట నుంచి ఉంటున్నాను. పొద్దున్న టిఫిను మానేసిన ఆకలి వేరు. ఇఫ్తార్‌కి అరగంట ముందు, గొంతులో తడి లేనప్పుడు ఉండే ఆకలి వేరు. ఆ రెండూ ఒకటే అనేవాడు ఏ రోజూ ఏదీ మానేసినవాడు కాదు. ఇన్నాళ్లూ మనం రోగులని పట్టుకుని, అన్నం తిన్నాక కూడా నీకు ఇఫ్తార్ ముందు ఆకలిలో సగం ఉందా అని అడుగుతున్నామన్నమాట. లేదంటే సోమరివి పొమ్మన్నాం."

జుబేదా రిజిస్టరు మూసి రత్నం వైపు తిరిగింది.

"కొత్త గీత మీరు గియ్యడానికి వీల్లేదు."

"నేనూ అదే అడగడానికి వచ్చానండి. మీ మనుషులే గియ్యాలి. మీకు నచ్చిన రోజున, మీకు నచ్చినవాళ్ల మీద. ఎన్ని గంటలైందో రాయించండి, నీళ్లు తాగారో లేదో రాయించండి. ఆ గదిలో నేను ఉండను."

"మూడొందల పన్నెండు ఫైళ్లు మళ్లీ తియ్యాలి. రోజుకి అయిదు కన్నా ఎక్కువ కావు. ఎవరిది ముందు?"

రత్నం ఆ ప్రశ్న వస్తుందని రైల్లోనే అనుకుంది. జవాబు కూడా అప్పుడే సిద్ధం చేసుకుంది.

"ముందు కాదన్నవాళ్లది ముందు. తేదీ ప్రకారం తియ్యండి."

"మీ తమ్ముడికి ఎప్పుడు కాదన్నాం?"

"పోయిన వారం. వాడే ఆఖరు."

జుబేదా ఆమె మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత లాయరుతో, "అందరి అప్పీలు గడువులూ ఆపేయండి. కొత్త తిరస్కరణలు కూడా ఇవాళ్టి నుంచి ఆపేయండి" అంది.

*

ఇంట్లో చెప్పడం అంతకన్నా కష్టమైంది.

నూకరాజు పక్కన కూర్చుని రత్నం మొదట తన తప్పు చెప్పింది. నీ అంకె నలభై ఆరు కాదురా, అరవై ఏడు అంది. ఆ రోజు అన్న మాటకి నన్ను చెప్పుతో కొట్టినా పాపం లేదంది. తర్వాత, నీ వంతు ఆఖరిదని, మూణ్ణెల్లు పడుతుందని చెప్పింది.

మరిడమ్మ భగ్గుమంది. "మూన్నెల్లా! మూన్నెల్లూ ఈయన ఊపిరి ఎవరు చూత్తారు వదినా? మీ మంచితనం మీరు చూసుకున్నారు. నా బొట్టు సంగతో?"

"నేను చూస్తాను. ఇక్కడే ఉంటాను."

"ఊరుకో మరిడీ. ముందోళ్లు మాత్రం మడుసులు కాదా? ఆళ్లకీ పెళ్లాలుంటారు" అన్నాడు నూకరాజు. తర్వాత అక్క వైపు తిరిగి, చాలాసేపు తటపటాయించి అడిగాడు. "అరవై ఏడంటే నిజంగానే ఎక్కువా అక్కా? అందరికీ అంత ఉండదా?"

"ఉండదురా. ఎవరికీ ఉండదు."

"నేను అందరికీ ఉంటాదనుకున్నాను. ఆళ్లు ఆపుకోగలుగుతున్నారు, నేనే ఆపుకోలేపోతున్నాననుకున్నాను."

ఆ మూడు నెలలూ రత్నం మకాం జగన్నాథపురంలోనే. తమ్ముడితో పాటు అతనికి పెట్టే కొలత తిండే తింది. పది రోజుల్లో ఆమె మూడు కిలోలు తగ్గింది, అతను అర కిలో తగ్గాడు. "నీకు చేయించాల్సింది ఆపరేషను, నా వంతు నువ్వు తీసుకో" అని అతను ఏడిపించేవాడు. మరిడమ్మ మొదటి వారం వదినతో ముక్తసరిగా ఉన్నా, రెండోవారం నుంచి ఆమె విస్తట్లో రహస్యంగా ఒక చేపముక్క వెయ్యడం మొదలుపెట్టింది.

పొద్దున్నపూట రత్నం లాబొరేటరీలో కూర్చుని ఫోన్లు చేసేది. మూడొందల పన్నెండు మందికీ తప్పు జరిగిందని కంపెనీ ఉత్తరాలు పంపుతానంది. వద్దు, నోటితో నేనే చెబుతానని రత్నం పట్టుబట్టింది. కొందరు తిట్టారు. ఒకాయన గంటసేపు తిట్టి, ఆఖరున థాంక్స్ చెప్పాడు. చాలామంది ఏడ్చారు. కంపెనీ మనుషులు అరవైమంది మీద కొత్త గీత గీశారు. అది రత్నం లెక్కకి ఒక్క అంకె కూడా అటూ ఇటూ కాలేదు. వార్త బయటికి వచ్చాక ఒక చానెలు "తమ్ముడి కోసం తగ్గిన గీత" అని రెండు రోజులు ఊదరగొట్టింది. ఆ తమ్ముడు వరసలో ఎక్కడున్నాడో జుబేదా ఒక్క వాక్యంలో చెప్పాక నోరు మూసుకుంది.

ఎనభై ఎనిమిదో నంబరు తునిలో ఒక స్కూలు మాస్టారిది. ఫోను ఆయన భార్య ఎత్తింది.

"ఆయన పోయారండి. మార్చిలో. నిద్దట్లోనే."

రత్నం ఫోను పెట్టెయ్యలేదు. తప్పు మాదని చెప్పింది. ఆయన ఫైలు కొత్త గీత దాటిందని, అప్పుడే అంకె సరిగా వచ్చుంటే ఆయనకి ఆపరేషన్ జరిగేదని కూడా చెప్పింది. దాచడం ఆమెకు చేతకాలేదు.

"ఇదే మాట మా అత్తగారికి చెబుతారా? నేను ఎక్కువ వండిపెట్టి చంపేశానని ఆవిడ ఇప్పటికీ అంటారు" అంది ఆమె.

అత్తగారు ఫోను తీసుకుంది. రత్నం మళ్లీ మొదటి నుంచీ, ముసలావిడకు అర్థమయ్యేలా చెప్పింది. మీ అబ్బాయిది తిండిపోతుతనం కాదమ్మా, రోగం; మీ కోడలి తప్పు లేదు, నా తప్పు. ఆవిడ ఫోను కోడలి చేతికిచ్చేసింది.

"కాయితం మీద కూడా రాసి పంపండి. మాట మర్చిపోతారు" అంది కోడలు.

ఆ రోజే రత్నం జుబేదాకి ఫోను చేసింది. ఆపరేషన్‌కి ఒప్పుకున్నామని ఊరికే రాస్తే చాలదు, ఎందుకు ఒప్పుకున్నారో తెలుగులో, ఇంట్లోవాళ్లందరికీ అర్థమయ్యేలా రాయమని అడిగింది. పోయినవాళ్ల ఇళ్లకి కూడా రాయమంది. లాయరు కుదరదన్నాడు. జుబేదా కుదిరించింది. మూడొందల పన్నెండులో రెండొందల నాలుగు ఫైళ్లు కొత్త గీత దాటాయి.

*

నూకరాజు ఉత్తరం ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చింది. కొరియరు మనిషి వచ్చేసరికి వీధి వీధంతా అరుగుల మీదే ఉంది, కరెంటు పోయి. నూకరాజు సంతకం పెట్టి, కవరు చింపి, కాగితం చూశాడు. ఎంతకీ తల ఎత్తలేదు.

మరిడమ్మ అతని భుజం పట్టుకుని కుదిపింది. "ఏటండీ, ఒప్పుకున్నారా లేదా? సెప్పరేం?"

"ఒప్పుకున్నారు. గురువారం జాయినవ్వమన్నారు" అన్నాడు. అయినా అతని కళ్లు ఇంకా కాగితం మీదే ఉన్నాయి. "అక్కా, ఆపరేషను అయ్యేకా ఈ కాయితం ఆళ్లు తీసేసుకుంటారా? నా దగ్గిరే ఉంచుకోనిత్తారా?"

"నీదేరా. నీ దగ్గరే ఉంటుంది."

"అయితే నువ్వు సదువు. గట్టిగా సదువు, అందరికీ ఇనబడాలి. నాకు కుదరటం లేదు."

రత్నం అరుగు మీద నిలబడి కాగితం తీసుకుంది. ఎదురింటివాళ్లు, పక్కింటివాళ్లు, అతన్ని ఇన్నేళ్లూ ముద్దుగానో మొరటుగానో తిండిపోతు అని పిలిచినవాళ్లంతా ఇటే చూస్తున్నారు. ఆమె గొంతు సవరించుకుని చదివింది.

"శ్రీ నూకరాజు గారికి పుట్టుక నుంచీ శరీరంలో ఆకలి సంకేతం ఆగని వ్యాధి ఉంది. కడుపు నిండినా వారికి ఆకలి తీరదు. వారి బరువుకు కారణం ఈ వ్యాధి. అందులో వారి తప్పు ఏమీ లేదు."

మరిడమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నూకరాజు గోడకి చేరబడి, కళ్లు మూసుకుని, పసిపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"ఇంకోపాలి సదువక్కా" అన్నాడు.